పుణ్యవతి దాటేసిన వాక్యం

మా వరండాలో, నేను వేసిన కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతున్న గవర్నమెంటు మనిషి ముందు ఆ పిల్ల అన్న మాట విని నా నోరు పడిపోయింది. మామూలుగా నేను నోరు మూసుకునే మనిషిని కాను. మా ఆయన గోవిందప్ప, "దేవుడు నీకు నోరిచ్చి దానికి తలుపు పెట్టడం మరిచిపోయినాడే నాగమణీ" అంటుంటాడు. అలాంటిదాన్ని, కొయ్యబారిపోయి, టీ పళ్ళెం చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం మాట. 

ఆ పిల్ల పేరు మమత. ఆమె సంగతి చెప్పాలంటే ముందు వాళ్ళ నాయనమ్మ పుణ్యవతి సంగతి చెప్పాలి. పుణ్యవతి మాటెత్తితే నాకు కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఏది ముందొస్తుందో నాకే తెలియదు. సరే, వినండి.

మాది అనంతపురం జిల్లా. మియాపూర్ వైపు ప్లాట్ల వ్యాపారం బాగుంటుందని మా ఆయన మమ్మల్ని హైదరాబాదుకు తెచ్చి, హఫీజ్‌పేటలో ఇల్లు కట్టాడు. ఇంటి పక్కన వరసగా కిరాయి గదులు వేశాడు. మొదటి గదిలో దిగింది పుణ్యవతి. పుట్టి పెరిగింది ఆ చుట్టుపక్కలే. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు మొగిలి లారీ డ్రైవరు, ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో ఆ లారీకే తెలియాలి. కోడలు కాన్పులో పోయింది. ఆ కాన్పులో పుట్టిన పిల్లే మమత. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల బిల్డింగు కడుతున్నన్నాళ్ళూ పుణ్యవతి అక్కడ నెత్తిన కాంక్రీటు తట్టలు మోసింది. బిల్డింగు పూర్తయ్యాక అందులోనే నేల తుడిచే పనికి కుదిరింది.

"గంత పెద్ద బిల్డింగుల కూసునేటోళ్ళు ఏం పని చేస్తరు నాగమణమ్మా?" అని నన్ను అడిగింది ఒకసారి.

నాకేం తెలుసు నా మొహం. "కంప్యూటర్ల పని" అన్నాను.

"అయితే మా మమత గూడ గదే పని చెయ్యాలె. నేను తుడిచిన నేల మీద అది చెప్పులేసుకొని నడవాలె" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాలి మీరు. ఆ తరువాత ఆమె బతుకంతా ఆ ఒక్క కోరిక చుట్టూనే తిరిగింది.

పుణ్యవతి వాళ్ళు క్రైస్తవులు. మామగారి కాలంలోనే చర్చిలో చేరారట. రోజూ పొద్దున్నే మా గేటు ముందుకు పనివాళ్ళను ఎక్కించుకునే వ్యాన్ వస్తుంది. అది వచ్చేలోపు ఆడవాళ్ళంతా మా మెట్ల మీద కూర్చుంటారు. పుణ్యవతి మధ్యలో కూర్చుని, పాత రవికె గుడ్డలో చుట్టిన బైబిలు విప్పి, నాలుగు ముక్కలు చదివేది. మిషన్ బడిలో నేర్చిన చదువు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేది. తరువాత దాని అర్థం చెప్పేది. వినేవాళ్ళలో సగం మంది బోనాలెత్తే వాళ్ళే. మా మూడో గది కొమురమ్మ ఎల్లమ్మ భక్తురాలు, అయినా ముందు వరసలో ఆమే ఉండేది. వాళ్ళకు కావలసింది మతం కాదు, పుణ్యవతి చెప్పే తీరు.

ఆమె తీరు ఏమిటంటే, చదివిన ముక్కను తెచ్చి ఆ రోజు మన వాకిట్లో పడేసేది. యోనా అనే ఆయన తనకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోయిందని అలిగి కూర్చున్న కథ చదివిన రోజు, "మన నర్సమ్మ లెక్క" అంది. వ్యాన్‌లో కిటికీ పక్క చోటు పోయిందని నర్సమ్మ రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. "చెట్టు నువ్వు పెట్టినవా? నీళ్ళు నువ్వు పోసినవా? ఉన్నన్ని దినాలు నీడల కూసున్నవు, ఇగ జాలు లే" అంది. నర్సమ్మ మూతి ముడుచుకునే నవ్వింది. చివర్లో పుణ్యవతి వేలెత్తి, "ఇయ్యాల్టి పని" అనేది. రోజూ ఒక పని చెప్పేది. అలిగినవాళ్ళను పలకరించడమో, అత్తకు ఎదురు చెప్పకుండా ఉండటమో, తిట్టిన సూపర్‌వైజర్‌కు మంచినీళ్ళు ఇవ్వడమో. అందరూ "సరే సరే" అని వ్యాన్ ఎక్కేసేవాళ్ళు. మియాపూర్ రోడ్డు ఎక్కే సరికే ఆ పని ఎవరికీ గుర్తుండేది కాదు.

నన్ను కూడా వదల్లేదు మహాతల్లి. ఇస్సాకు బావి తవ్వితే పక్కవాళ్ళు వచ్చి నీళ్ళు మావేనని కొట్లాడటం, ఆయన వాళ్ళకు వదిలేసి ఇంకో బావి తవ్వుకోవడం చదివింది. నేను అప్పుడే బోరు మోటారు ఆపి వస్తున్నాను. "నీళ్ళు భూమిలకెళ్ళి వస్తయి. స్విచ్చి మాత్రం ఒక్కరి చేతుల ఉంటది" అంది, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. "ఏం పుణ్యవతీ, నా మోటారు మీద పడితివి? కరెంటు బిల్లు మీ ఇస్సాకు కడతాడా?" అన్నాను.

"నేనేమన్న అన్ననా అమ్మా? బైబిల్ల ఉన్నది చెప్పిన."

"బైబిల్లో నా మోటారు ఉందా?"

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ రోజంతా చిరచిరలాడాను. మర్నాడు మోటారు కాస్త ఎక్కువసేపే వేశాను. ఎందుకు వేశానో నన్నడగొద్దు.

అన్నిటికన్నా వింత, ఆ "ఇయ్యాల్టి పని" చేసేది ఒక్కతే ఒక్కతి ఉండేది. మమత. చిన్నప్పటి నుంచీ అంతే. ఒక క్రిస్మస్ ముందు, విందు చేస్తే చుట్టాలను కాదు, గుడ్డివాళ్ళను కుంటివాళ్ళను పిలవమని యేసు చెప్పిన మాట చదివింది పుణ్యవతి. పండగ నాడు మధ్యాహ్నం ఈ పిల్ల రైల్వే స్టేషన్‌లో అడుక్కునే గుడ్డాయనను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, వాళ్ళ గదిలో పీట వేసి కూర్చోబెట్టింది. పుణ్యవతి గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "గిట్ల నిజంగ పట్కొస్తరానే?" అంది చిన్నగా. ఆయన మాత్రం రెండోసారి కూర అడిగి మరీ తిన్నాడు. మేమందరం ఆ ముచ్చట చెప్పుకుని చాన్నాళ్ళు నవ్వుకున్నాం. అందులో భయపడాల్సింది ఏదో ఉందని ఎవరికి తట్టింది?

తొంభై తొమ్మిదిలో మమత ఎంసెట్ రాసింది. ర్యాంకు వచ్చింది. గొప్ప ర్యాంకు కాదు గానీ, ఎస్సీ కోటాలో మంచి కాలేజీలో కంప్యూటర్ సీటు వస్తుందని మా ఆయన పది మందిని అడిగి కనుక్కొచ్చాడు. పుణ్యవతి ఆ రోజు మా వంటింట్లోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతకు ముందు ఆమె మా గడప దాటి లోపలికి వచ్చింది లేదు. నేను రమ్మన్నదీ లేదనుకోండి.

సీటు కావాలంటే కుల సర్టిఫికెట్ కావాలి. ఇక్కడే ఉంది చిక్కు. ఎస్సీలు క్రైస్తవులైతే గవర్నమెంటు లెక్కలో ఎస్సీలు కారు, బీసీల కిందికి పోతారు. అందుకని వాళ్ళ వాడలో చాలామంది ఇంట్లో యేసును పెట్టుకుని, బడి కాగితాల్లో హిందువని రాయించుకుంటారు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నాకు మొదట ఇది విడ్డూరంగా తోచింది. పుణ్యవతినే అడిగేశాను, ఇన్ని నీతులు చెప్తావే, ఇదేంటని.

ఆమె ఏమీ కోపం తెచ్చుకోలేదు. "మేం దేవుణ్ణి మార్చుకున్నం గని, ఊర్ల హోటలోడు మా గ్లాసు మార్చలేదమ్మా. మా మామకు బయట పెట్టిన గ్లాసే నాకు గూడ పెట్టిండు. గ్లాసు మారనప్పుడు కాగితం ఎందుకు మారాలె?" అంది.  అప్పటినుంచి నేను ఆమె పక్షమే.

అంతా సాఫీగా సాగిపోయేదే. ఎవడో కడుపు మండినవాడు మండలాఫీసుకు అర్జీ పెట్టాడు, ఈ కాలనీలో చర్చికి పోయేవాళ్ళు ఎస్సీ సర్టిఫికెట్లు తీసుకుంటున్నారని. వాడి చేతులు విరిగిపోను! దాంతో మమత ఇంటికి విచారణ పడింది. మండలాఫీసులో రెవెన్యూ విచారణలు చేసే గిర్దావర్ రామ్మోహనరావు అనే ఆయన వచ్చి, ఇల్లు చూసి, ఇరుగుపొరుగును అడిగి, పిల్లను అడిగి రాసుకుపోతాడట. ఆయన రాసిన దాన్ని బట్టే కాగితం.

ముందు రోజు సాయంత్రం పుణ్యవతి గదిలో మేం చేసిన హడావుడి చూస్తే మీరు నవ్వుతారు. గోడ మీది శిలువ దింపాం. బైబిలు వాక్యాల క్యాలెండర్ చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాం. మా పూజగదిలోంచి వెంకటరమణస్వామి పటం తెచ్చి నేనే తగిలించాను. పొయ్యి పొగకు గోడంతా నల్లబడి ఉంది, శిలువ తీసేసరికి దాని ఆకారమే తెల్లగా కనిపించింది. పటం దాని మీద పెట్టినా రెండు పక్కలా కొంచెం తెలుపు బయటికి వచ్చింది. "ఎవరు చూస్తారులే" అన్నాను. కొమురమ్మ పసుపు తెచ్చి గడపకు రాసింది. మమత ఒక మూల కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. 

తెల్లవారి మెట్ల మీద అందరూ చేరారు. పుణ్యవతి ఎప్పుడూ వరసగా చదువుతుంది, నిన్న ఎక్కడ ఆపితే ఇవాళ అక్కడ మొదలు. ఆ రోజు మాత్రం పుటలు గబగబా వెనక్కి తిప్పి, చీమలను చూసి కష్టపడటం నేర్చుకోమనే ముక్క తీసింది.

మమత గుమ్మంలోంచి అంది. "నాయనమ్మా, నిన్న పేతురు కాడ ఆపినవు. అందరు విడిచినా నేను విడువనని శిష్యుడు ప్రభువుతోని అంటడు, అక్కడ. ఇయ్యాల తర్వాతది రావాలె గదా. ప్రభువును పట్కపోయినంక మంట కాడ చలి కాసుకుంట, ఆయనెవరో నాకు తెల్వదని పేతురు అనేది."

పుణ్యవతి తల ఎత్తలేదు. "ఇయ్యాల చీమలే" అంది.

"ఎందుకు దాటేసినవు?"

"నా కండ్లు మసకలైనయి, పుట తప్పింది. పోయి తయారుగాపో." తరువాత మా అందరి వైపు తిరిగి, "ఇయ్యాల్టి పని ఒక్కటే. సారు వచ్చిపోయేదాంక ఎవ్వరు నోరు జారొద్దు" అంది.

అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను.

కొమురమ్మ సాక్ష్యం చెప్పడానికి పని మానేసి ఉండిపోయింది. వ్యాన్ పోయాక పుణ్యవతి నుదుటన నా చేత్తో నేనే కుంకుమ పెట్టాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. మమతకూ పెట్టబోతే, "నాకొద్దాంటీ" అని లోపలికి వెళ్ళిపోయింది. కాలేజీ పిల్లలు ఈ కాలంలో బొట్టు పెట్టుకోవడం లేదు కదా అని నేనూ పట్టించుకోలేదు.

గిర్దావర్ స్కూటరు మీద వచ్చాడు. మనిషి మెత్తగానే ఉన్నాడు. గదిలోకి వెళ్ళాడు. పటం చూశాడు. పటం పక్కన గోడ చూశాడు. "టీ తాగుదురు రండి సార్" అన్నాను గబగబా. ఆయన బయటికి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. ముందు కొమురమ్మను అడిగాడు. "మా తోటి బోనాలు ఎత్తుతది సారూ" అని చెప్పిందామె. తరువాత నన్నడిగాడు.

"మా కిరాయివాళ్ళే సార్. అమావాస్య వస్తే కొబ్బరికాయ కొట్టకుండా ఉండరు. శనివారం ఉపవాసం. తిరుపతికి కూడా..." ఇంకా చెప్పేదాన్నే, మా ఆయన లోపలి నుంచి గట్టిగా దగ్గాడు.

పుణ్యవతి చేతులు కట్టుకుని నిలబడి, "హిందువులమే సారూ" అంది. ఆయన తల ఊపాడు. ఇక అయిపోయినట్టే. ఊరికే లాంఛనానికి మమతను పిలిచాడు. పిల్ల వచ్చి నిలబడింది. పేరు అడిగాడు, చదువు అడిగాడు, చెప్పింది.

"ఇంట్ల ఏ దేవుణ్ణి మొక్కుతరు బిడ్డా?" అన్నాడు. కలం కాగితం మీదే ఉంది. ఆమె చెప్పేలోపే రాసేసేటట్టున్నాడు.

"యేసు ప్రభువును సార్."

అదీ ఆ మాట! అమ్మో! కొమురమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేనేమో పళ్ళెం పట్టుకుని బొమ్మలా ఉండిపోయాను.

ముందు తేరుకుంది పుణ్యవతి. "దానికి జెరమొచ్చింది సారూ! పొద్దటిసంది ఒళ్ళు కాలుతున్నది. ఏం మాట్లాడుతున్నదో దానికే తెల్వదు" అని పిల్లకు అడ్డం వచ్చి నిలబడింది.

ఆయన కలానికి మూత పెట్టాడు. రాయలేదు. మమత వైపు చూసి మెల్లగా అన్నాడు. "దోస్తులతోని చర్చికి పోయి ఉంటవు. క్రిస్మస్‌కు అందరు పోతరు, కేకు పెడితే నేను గూడ పోత. గంతే గదా బిడ్డా?"

ఎంత మంచివాడు చూడండి, నోట్లో జవాబు పెట్టి మరీ ఇచ్చాడు! "గంతే సారూ, గంతే" అని పుణ్యవతి అందుకుంది.

"కాదు సార్" అంది మమత. "మొన్నటి ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్న. నేను క్రైస్తవురాలినే."

"అబద్ధం సారూ! చర్చి ఏ దిక్కున్నదో మాకు తెల్వదు. యేసు ఎవరో మాకు తెల్వనే తెల్వదు!"

ఈ కేక వేసింది ఎవరనుకున్నారు? పుణ్యవతి. రోజూ మా మెట్ల మీద కూర్చుని మా అందరి చెవులు పిండిన పుణ్యవతి. నా చెవులతో నేను విన్నాను కాబట్టి నమ్ముతున్నాను, ఇంకెవరైనా చెప్పి ఉంటే వాళ్ళ మీద ఎగిరి పడేదాన్ని. మమత ఆమె వైపు తిరిగి చూసిన చూపు ఇంకా నా కళ్ళలో ఉంది.

గిర్దావర్ గొంతు తగ్గించాడు. "బిడ్డా, ఇది రాస్తే ఏమైతదో ఎరుకేనా? ఎస్సీ కాగితం రాదు. బీసీల పడుతవు. నీ ర్యాంకుకు అండ్ల సీటు దొరకదు."

"ఎరుకే సార్."

ఆయన లేచాడు. "జర మొఖం కడుక్కొని వస్త. ఎండ మస్తున్నది. వచ్చినంక మళ్ళ ఒక్కసారి అడుగుత. ఇప్పటిదాంక నేనేం వినలే, ఏం రాయలే" అని, తెల్ల కాగితం మాకందరికీ కనిపించేలా కుర్చీ మీద పెట్టి, పంపు దగ్గరికి నడిచాడు. అంతసేపు మొహం కడుక్కున్న మగవాణ్ణి నేను చూడలేదు. కడిగిందే కడుగుతూ, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

పుణ్యవతి పిల్ల గడ్డం పట్టుకుంది. "బంగారూ, ఒక్క మాట. లేదని ఒక్క మాట అను. దేవునికి నీ మనసు తెల్వదా? గా పాపం నాకు పెట్టుమని నేను మొక్కుకుంట. నా మెడ చూడు, తట్టలు మోసి మోసి వంగింది. ఎవరి కోసం మోసిన?"

మమత కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తల అడ్డంగా ఊపింది.

నాకు తిక్క రేగింది. "ఏమే పిల్లా, మతి చెడిందా నీకు? నా దేవుణ్ణి తీసుకొచ్చి మీ గోడకు తగిలిస్తే ఆయన ఏమీ అనుకోలే. నీ దేవుడు ఒక్క అబద్ధానికి ఓర్చుకోలేడా? ముసల్ది చచ్చిపోతాది, చూడు!" అని అరిచాను.

"ఓర్చుకుంటడు ఆంటీ. పేతురును గూడ ఓర్చుకున్నడు" అంది ఆ పిల్ల. "నాతోనే అయితలేదు."

పుణ్యవతి ఫెడీమని చెంప మీద కొట్టింది. పుట్టినప్పటినుంచి ఆ పిల్ల మీద చెయ్యి వేసి ఎరగదు. కొట్టిన చెయ్యి తనే చూసుకుంటూ వెనక్కి జరిగి స్తంభానికి ఆనుకుంది.

గిర్దావర్ వచ్చి కూర్చున్నాడు. తుడుచుకోని మొహం మీంచి నీళ్ళు కాగితం మీద పడ్డాయి. అదే ప్రశ్న అడిగాడు. ఆ పిల్ల అదే జవాబు చెప్పింది, ఎర్రబడ్డ చెంపతో. ఆయన రాశాడు. మెల్లగా, ఒక్కో అక్షరం రాశాడు. మమత చేత సంతకం పెట్టించుకున్నాడు.

"ఈ నౌకరీల మస్తు విచారణలు చేసిన" అన్నాడు లేస్తూ, నాతో. "పటాలు మార్చినోళ్ళను చూసిన. గోడల మీద మచ్చలు చూసిన. చూడనట్టే రాసిన. మనసుల మాట గిట్ల ఎదురుంగ చెప్పినోళ్ళను చూడలేదమ్మా."  స్కూటరు తన్ని స్టార్ట్ చేసుకుని స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

సీటు పోయింది.  పుణ్యవతి పిల్ల వైపు తిరిగింది.

"ఎందుకన్నవే?"

"నువ్వే చెప్పినవు గదా నాయనమ్మా, రోజూ."

"చెప్పిన. వినుమని చెప్పిన! చెయ్యుమని చెప్పిననానే?"

ఆ మాట ఎంత తెలిసి అందో, తెలియక అందో. అని, తనే బిత్తరపోయింది. కొమురమ్మ నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. ఇంకో రోజైతే విరగబడి నవ్వేదాన్ని.

మమత దగ్గరికి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. కోపంగా అనలేదు, నిజంగానే అర్థం కానట్టు అంది. "నేను ముందుగాల అంటే నువ్వు గూడ అంటవనుకున్న నాయనమ్మా. ఒక్కదాన్నే అయితనని అనుకోలే."

పుణ్యవతి ఆ పిల్ల మొహంలోకి చూసింది.  ఉన్నట్టుండి లేచి, చెప్పులైనా వేసుకోకుండా గేటు తీసుకుని రోడ్డెక్కింది. ఈ వయసులో ఆమె పరుగెత్తగలదని నాకు తెలియదు. ఏ రైలు కింద పడుతుందో ఏమో! నేనూ పళ్ళెం అక్కడే పారేసి వెనకాలే పరుగెత్తాను. నా వెనక మమత.

స్టేషన్ దగ్గర రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతోంది. గేటు ముందు ఆగిన లారీల మధ్య గిర్దావర్ స్కూటరు. పుణ్యవతి వెళ్ళి ఆ హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది.

"నేను గూడ సారూ! అది ఒక్కతే కాదు, నేను గూడ!" గూడ్సు చప్పుడులో గొంతు చించుకుని అరుస్తోంది. "ఇందాక నేను అబద్ధమాడిన. నేను యేసయ్య బిడ్డనే. మా మామ సంది మేం చర్చికే పోతం. రాసుకో సారూ, నా పేరు గూడ రాసుకో!"

లారీ డ్రైవర్లు తొంగి చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఆమెను పట్టి లాగడానికి చెయ్యి రాలేదు. గిర్దావర్ ఆమె మొహం వైపు చూశాడు. ఆయన కళ్ళలో విసుగు లేదు.

"నీ సంగతి ఎవరడిగిండ్రమ్మా?" అన్నాడు. "విచారణ పిల్లది. నీకు సీటు లేదాయె, సర్కారు నౌకరి లేదాయె. నువ్వు ఏ దేవుణ్ణి మొక్కినా గవర్నమెంటుకు ఏం కావాలె? నువ్వు చెప్పినా ఈ కాగితంల నీది రాయనీకి జాగ లేదు."

"జాగ లేదా సారూ?"

"లేదమ్మా. ఇంటికి పో. ఆ పిల్లకింత అన్నం పెట్టు."

గూడ్సు పోయింది. గేటు లేచింది. వెనక లారీలు హారన్లు మోగించాయి. ఆయన ఆమె వేళ్ళు ఒక్కొక్కటే హ్యాండిల్ మీంచి విడదీసి, స్కూటరు ముందుకు పోనిచ్చాడు. మమత వచ్చి పక్కన నిలబడింది, కానీ పుణ్యవతి ఆమె వైపు చూడలేకపోయింది. నా వైపు తిరిగింది.

"జాగ లేదంట నాగమణమ్మా" అంది. "నేను చెప్తనంటే రాయనీకి జాగ లేదంట."

దారి పొడుగునా ఆ మాటే అంటూ వచ్చింది. ఒక చెయ్యి నేను పట్టుకున్నాను, ఒక చెయ్యి మమత పట్టుకుంది.